పక్క సీటుకూ ఒక హక్కుంది

ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం ప్రారంభమైనప్పుడు అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు సాగిపోయింది. మా ఊరి పొలిమేరను తాకలేదు. కనుక మా కుటుంబానికీ, మా వీధివారికీ, చుట్టుపక్కల పల్లెలకూ బయటి లోకానికి వాకిలి ఆర్టీసీ బస్సే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైన తరువాత ఈ అవసరం మరింత పెరిగింది. కలెక్టరు కార్యాలయం అక్కడ, కళాశాలలు అక్కడ, 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల అక్కడ. మా పిల్లల చదువూ, మా పెద్దల వైద్యమూ నంద్యాలతో ముడిపడి ఉన్నాయి. నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే దూరం. నల్లగట్ల, సిరివెళ్ల మెట్ట దాటి వెళ్లే జాతీయ రహదారి. గంట, గంటంబావు ప్రయాణం.

ఆ గంటలో ఏం జరుగుతుందన్నది చిన్న విషయం కాదు. మా వీధిలో ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పూర్తిచేసిన ఒక అమ్మాయిని తల్లిదండ్రులు డిగ్రీకి పంపలేదు. ఫీజు కట్టలేక కాదు, చదువుపై అయిష్టత వల్ల కాదు. సాయంత్రం బస్సులో రద్దీని ఆసరా చేసుకొని ఎవరో ఒకడు రోజూ ఆమె వెనుకనే నిలబడుతున్నాడని తెలిసి, “ఇక చాలమ్మా” అన్నారు. వాడు ఈనాటికీ అదే బస్సులో తిరుగుతూ ఉండవచ్చు. ఇంట్లో కూర్చున్నది మాత్రం ఆ పిల్ల. తప్పు చేసినవాడికి టికెట్టు, తప్పు చేయని పిల్లకు శిక్ష. ఇది ఏ న్యాయమో మాకు అర్థం కాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఈ విషయంపై చర్చ సాగుతూనే ఉంది. దాని సారాంశాన్ని పాఠకులతో పంచుకోవాలనిపించింది.

బస్సులో మనం ముందుగా గమనించవలసిన వ్యక్తి కండక్టరు. ఒక చేతిలో టికెట్టు యంత్రం, భుజాన డబ్బుల సంచి, రెండో చేయి పైన కడ్డీ మీద. ఆ మనిషికి ఖాళీగా ఉన్న చేయి ఒక్కటీ లేదు. అటువంటి స్థితిలో అరవై మంది మధ్య నుంచి దారి చేసుకుంటూ, తరువాతి స్టేజీ వచ్చేలోగా అందరికీ టికెట్లు ఇవ్వాలి. ఒక్క టికెట్టు తప్పిపోయి తనిఖీ సిబ్బంది ఎక్కితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ ఉద్యోగే. చిల్లర లేదంటే కోపం, స్టేజీ కాని చోట ఆపకపోతే కోపం, తాగివచ్చినవాడిని మెట్ల మీద నిలబడవద్దంటే కోపం. ఆ కోపాలన్నీ చేరేది ఒక్కరి మీదికే. ఆ స్థానంలో స్త్రీ ఉంటే, కోపానికి బూతు కూడా తోడవుతుంది.

డ్రైవరు పరిస్థితి మరొక రకం. ఆయన వీపు ప్రయాణికుల వైపు, చూపు రోడ్డు వైపు ఉండాలి. వెనుక గొడవ మొదలైతే ఆయన కన్ను అద్దంలోకి వెళ్తుంది. ఆ క్షణంలో ఎదురుగా లారీ వస్తుంటే ఏమవుతుంది? బస్సులో గొడవను ఇద్దరి మధ్య తగాదాగా చూడడం సరికాదు. బస్సులో ఉన్న ప్రతి ప్రాణమూ దానితో ముడిపడి ఉంటుంది.

2023 అక్టోబరులో నెల్లూరు జిల్లా కావలిలో జరిగిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోడ్డుకు అడ్డంగా ఉన్న ద్విచక్ర వాహనాన్ని తప్పించమని హారన్ మోగించడమే ఆ ఆర్టీసీ డ్రైవరు చేసిన పని. దానికి ఒక ముఠా బస్సును వెంబడించి, ఆపి, ఆయనను దారుణంగా కొట్టింది. ఆ దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. నిందితులను పోలీసులు అరెస్టు చేశారు. దుష్ప్రవర్తన పురుషులకే పరిమితమని కూడా అనలేము. 2024 జనవరిలో హైదరాబాదులో హయత్‌నగర్ డిపో బస్సులో ఒక మహిళా ప్రయాణికురాలు కండక్టరును దూషించి, కాలితో తన్నిన దృశ్యాలు కూడా అందరూ చూశారు. ఆమెపై కూడా కేసు నమోదైంది. చేసినది ఎవరైనా, విధిలో ఉన్న మనిషి మీద చేయెత్తడం దౌర్జన్యమే.

ఇటీవలి కాలంలో రద్దీ మరింత పెరిగింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ‘స్త్రీ శక్తి’ పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం లభిస్తోంది. తెలంగాణలో ఇటువంటి పథకం 2023 డిసెంబరు 9నే మొదలైంది. కూలికి వెళ్లే తల్లికి, ఆసుపత్రికి వెళ్లే వృద్ధురాలికి ఇది ఎంత ఊరటో మేము కళ్లారా చూస్తున్నాము. అయితే కొందరి నోట కొత్త మాట ఒకటి వినిపిస్తోంది: “ఊరికే ఎక్కినోళ్లకు సీటెందుకు?” కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు కూడా టికెట్టే. దాని విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించవలసి ఉంటుంది. ఆ టికెట్టు చేతిలో ఉన్న స్త్రీ ఎవరి దయతోనూ బస్సులో కూర్చోవడం లేదు. అదే విధంగా, గుర్తింపు కార్డు చూపమని అడిగిన కండక్టరు కూడా ఎవరినీ అవమానించడం లేదు. నియమం అడగమంటోంది, ఆ ఉద్యోగి అడుగుతున్నారు. కార్డు ముందుగానే చేతిలో ఉంచుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

ఇక మేము స్వయంగా చూసిన సంగతి ఒకటి చెప్పాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే ఒక సాయంత్రం పల్లెవెలుగు బస్సు. మేమిద్దరం వెనుక వరుసలో కూర్చొని ఉన్నాము. ముందు నాలుగైదు వరుసల అవతల పుస్తకాల సంచితో ఒక విద్యార్థిని నిలబడి ఉంది. తాగి ఉన్న ఒక నడివయసు మనిషి ఆమె మీదికి ఒరుగుతున్నాడు. ఆమె ఒక అడుగు జరిగితే వాడూ జరుగుతున్నాడు. మహిళా కండక్టరు గమనించి, “ముందుకు పోన్నా, అంత చోటుంది గదా” అని మర్యాదగానే చెప్పింది. వాడు నోటికి వచ్చినట్లు తిట్టి, “నీ పని టికెట్లు కొట్టడమే, కొట్టుకోపో” అంటూ ఆమె చేతిలోని యంత్రాన్ని లాగబోయాడు. మేము లేచి నిలబడేలోగానే పక్క సీటులోని ఒక పెద్దావిడ, ఒడిలో కూరగాయల గంపతో ఉన్నామె, గొంతు ఎత్తింది.

“పాపా, ఇట్లొచ్చి నా పక్కన కూసో. నువ్వు జరుగు నాయనా, ఈడ నా గంప పెట్టాల.”

అంతే. ఆమె లేచి, గంపను ఆ మనిషి కాళ్ల దగ్గర దించింది. వాడికీ పిల్లకూ మధ్య గంప అడ్డంగా నిలిచింది. పిల్ల కిటికీ వైపు కూర్చుంది. బస్సులో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుతో అందరి భయమూ సడలింది. ఇద్దరు యువకులు లేచి కండక్టరు పక్కన నిలబడ్డారు. డ్రైవరు మాట్లాడకుండా బస్సును తీసుకువెళ్లి, దారిలోని పోలీసు స్టేషను ఎదుట వెలుతురులో ఆపారు.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. ఫిర్యాదు ఇస్తానని కండక్టరు దిగింది. “చూసినవాళ్లు ఎవరైనా వస్తారా?” అని అడిగింది. అంతవరకు వాడిని తిట్టిపోసినవారు గడియారాలు చూసుకున్నారు. “మాకెందుకమ్మా కోర్టుల చుట్టూ తిరిగే పని” అన్నారు ఒకరు. “ఇంటికాడ పిల్లోళ్లు ఉన్నారు” అన్నారు మరొకరు. చివరకు దిగినది ఆ పెద్దావిడ, ఆ యువకులలో ఒకరు, మేమిద్దరం. ఆ అమ్మాయి ఫోనులో తల్లితో మాట్లాడి, తానూ వచ్చి చెప్పింది. మా వివరాలు రాసుకున్నారు, కేసు నమోదు చేశారు. మేము ఇల్లు చేరేసరికి ఇషా నమాజు వేళ దాటింది. ఆ పెద్దావిడ మళ్లీ బస్సెక్కుతూ గంపలోని వంకాయలు నలిగాయో లేదో చూసుకుంది తప్ప, తాను ఏదో సాధించానన్న మాట ఒక్కటీ అనలేదు. కండక్టరు సోదరి మాత్రం మాతో అన్న మాట మా మనసులో నిలిచిపోయింది: “ఇన్నేండ్ల సర్వీసులో తిట్లు తినడం మామూలే సార్. సాక్షులు దిగి రావడం ఇదే మొదలు.”

ఆమె ఎందుకు అలా అన్నదో ఆలోచిస్తే సమస్య మూలం కనిపిస్తుంది. ఫిర్యాదు రాయాలంటే బస్సు ఆగాలి. బస్సు ఆగితే ట్రిప్పు ఆలస్యం, ప్రయాణికుల విసుగు. మరునాడు స్టేషనుకు వెళ్లాలంటే సెలవు పెట్టాలి. ఇంత చేసినా, “ఎవరు చూశారు?” అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ కాగితం అక్కడే బలహీనపడుతుంది. అరవై మంది చూసిన సంఘటనకు ఒక్క సాక్షీ లేకపోవడమే దుర్మార్గునికి దొరికే ధైర్యం.

చట్టం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టమే ఆర్టీసీ సిబ్బందిని విధి నిర్వహణలో ప్రభుత్వ సేవకులుగా పరిగణించింది. 2020 జనవరి 1 నుంచి మన రాష్ట్ర ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వ ఉద్యోగులుగా విలీనమయ్యారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 132వ సెక్షను ప్రకారం, విధిలో ఉన్న ప్రభుత్వ సేవకుని అడ్డుకోవడానికి దాడి చేసినా, బలప్రయోగం చేసినా 2 సంవత్సరాల వరకు జైలు. గాయపరిస్తే 121వ సెక్షను కింద 5 సంవత్సరాల వరకు, ఆ గాయం తీవ్రమైనదైతే 10 సంవత్సరాల వరకు శిక్ష ఉంటుంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో ఆమెపై బలప్రయోగం చేస్తే 74వ సెక్షను కింద 1 నుంచి 5 సంవత్సరాలు. లైంగిక వేధింపులకు 75, వెంటాడడానికి 78, అసభ్యమైన మాటకూ సైగకూ 79వ సెక్షన్లు ఉన్నాయి. బాధితురాలు 18 ఏళ్లలోపు బాలిక అయితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తాగి బహిరంగ స్థలంలో ఇతరులకు చిరాకు కలిగేలా ప్రవర్తించినవాడికి 355వ సెక్షను కింద 24 గంటల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని, సమాజ సేవ గాని విధించవచ్చు.

ప్రయాణికులను వెనక్కి లాగే అనుమానం మరొకటి ఉంది. బస్సు కదులుతూ ఉంటుంది. నేరం నంద్యాల పరిధిలో జరిగిందా, సిరివెళ్ల పరిధిలోనా, ఆళ్లగడ్డ పరిధిలోనా అని తేల్చుకునేది ఎలా? ఆ చింత మనకు అవసరం లేదు. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమాచారం పంపి, మూడు రోజులలోగా వెళ్లి సంతకం చేసే వెసులుబాటు కూడా కొత్త చట్టంలో ఉంది. ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ న్యాయస్థానమైనా విచారించవచ్చు. అత్యవసరమైతే 112, మహిళల సహాయానికి 181, రైలులో అయితే 139. ఈ మూడు సంఖ్యలూ ఇంట్లో ప్రతి ఫోనులోనూ ఉండాలి.

అయితే చట్టం బస్సెక్కి ప్రయాణం చేయదు. ప్రయాణం చేసేది మనమే. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఒక ప్రైవేటు బస్సులో జరిగిన ఘోరం తరువాత జస్టిస్ వర్మ కమిటీ వచ్చింది, 2013లో చట్టాలు కఠినమయ్యాయి. వెంటాడడం అప్పుడే ప్రత్యేక నేరంగా గుర్తింపు పొందింది. అయినా చట్టాలతో పాటు చెప్పేవారూ కావాలి. లండన్ నగర రవాణా సంస్థ 2015లో ప్రజలకు ఇదే విజ్ఞప్తి చేసింది: చిన్నదైనా సరే, జరిగినది తెలియజేయండి, అప్పుడే ఆగుతుంది. ఇందులో వివేకం ఉంది. ఒక్క ఫిర్యాదుతో దుర్మార్గుడు దొరకకపోవచ్చు. అదే దారిలో, అదే వేళలో, అదే పోలికలతో పది ఫిర్యాదులు చేరితే, ఏ బస్సులో ఎవరికోసం చూడాలో పోలీసులకు తెలుస్తుంది. నంద్యాల–ఆళ్లగడ్డ దారికీ ఈ సూత్రం వర్తిస్తుంది.

విశ్వాసులమైన మనకు ఈ విషయంలో అదనపు బాధ్యత ఉంది. దివ్యఖుర్ఆన్ ‘అన్నిసా’ సూరా 36వ ఆయతు ఎవరెవరి పట్ల మంచిగా మెలగాలో చెబుతూ తల్లిదండ్రులను, బంధువులను, అనాథలను, నిరుపేదలను, ఇరుగుపొరుగువారిని పేర్కొన్న తరువాత, పక్కన ఉన్న సహచరుణ్ణి కూడా చేర్చింది. వ్యాఖ్యాతలలో పలువురు ఈ మాటలో ప్రయాణంలో పక్కన కూర్చున్నవారిని కూడా చూశారు. అంటే గంటసేపు మన పక్క సీటులో కూర్చొని, సిరివెళ్లలో దిగి మళ్లీ ఎన్నడూ కనిపించని మనిషికి కూడా మన మీద హక్కు ఉంది. ఆ మనిషి మతమేమిటి, కులమేమిటి అన్న ప్రశ్న అక్కడ లేదు. కండక్టరు అయితే ప్రయాణం పొడవునా అందరికీ సహచరుడే, సహచరే. ఇక సాక్ష్యాన్ని దాచవద్దని ‘బఖరా’ సూరా ఎంత గట్టిగా హెచ్చరించిందో మనకు తెలియనిది కాదు. అప్పు పత్రాల దగ్గర గుర్తుకు వచ్చే ఆ ఆదేశం బస్సులో గుర్తుకు రాకపోతే ఎలా?

మహనీయ ముహమ్మద్ ప్రవక్త (స) జీవితంలోని ఒక ఘటన అచ్చంగా ప్రయాణానికి సంబంధించినదే. హజ్ సందర్భంలో యువకుడైన ఫజల్ బిన్ అబ్బాస్ (రజి) ప్రవక్త వెనుక అదే వాహనంపై కూర్చొని ఉన్నారు. ఒక స్త్రీ తన తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడగడానికి వచ్చింది. ఫజల్ ఆమె వైపు చూడసాగారు. ప్రవక్త (స) తమ చేత్తో ఆ యువకుని ముఖాన్ని మరో వైపుకు తిప్పారు, ఆమె ప్రశ్నకు సమాధానం చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. ఇందులో మనం గమనించవలసినది ఏమిటంటే, ఆమెను వెనక్కి పంపలేదు. ఆమె ప్రయాణాన్ని ఆపలేదు. ఆమె పనికి ఆటంకం కలగలేదు. సరిదిద్దినది తన వెంట ఉన్న కుర్రవాణ్ణి, తన సొంత పినతండ్రి కుమారుణ్ణి.

మా వీధి అమ్మాయి విషయంలో తలకిందులైనది సరిగ్గా ఇదే. ముఖం తిప్పవలసినవాడిని వదిలేసి, ప్రశ్న అడగడానికి వచ్చినదానిని ఇంటికి పంపించాము. బస్సులో వేధించేవారు ఆకాశం నుంచి ఊడిపడరు. వారూ ఏదో ఒక ఇంటి కొడుకులే, తమ్ముళ్లే, అల్లుళ్లే. కూతుళ్లకు చెప్పే జాగ్రత్తలలో సగమైనా కొడుకులకు చెబితే చాలావరకు ఆ ఇంటి దగ్గరే ఆగిపోతుంది. మెట్ల మీద వేలాడవద్దు, స్త్రీల సీట్ల పక్కన గుంపుగా నిలబడవద్దు, ఫోనులో పాటలు బిగ్గరగా పెట్టవద్దు, కండక్టరును ‘ఏయ్’ అని పిలవవద్దు. వినడానికి ఇవి చిన్న మాటలే. రేపటి బస్సు ఎలా ఉంటుందన్నది మాత్రం వీటి మీదనే ఆధారపడి ఉంది.

ఏదైనా జరిగినప్పుడు ఏం చేయాలన్నది కూడా మేము ఇంట్లో మాట్లాడుకొని ఉంచుకున్నాము. దుర్మార్గునితో కలబడడం మొదటి పని కాదు. బాధపడుతున్న వ్యక్తి పక్కకు చేరి, చోటు ఇవ్వడం మొదటి పని. ఆ పెద్దావిడ చేసినది అదే. తరువాత గట్టిగా కండక్టరును పిలవాలి. నలుగురు లేచి నిలబడితే కొట్టవలసిన అవసరమే రాదు. దొంగ దొరికాడన్నట్లు అందరూ కలిసి ఒకడిని చితకబాదడం న్యాయం కాదు. అది మరొక నేరం. బస్సును వెలుతురు ఉన్న చోటకు, వీలైతే పోలీసు స్టేషనుకు తీసుకువెళ్లమని డ్రైవరును కోరాలి. ఫోనులో దృశ్యం తీస్తే దానిని పోలీసులకే ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపులలో పెడితే ఊరంతా చూసేది వాడి ముఖాన్ని కాదు, ఆ అమ్మాయి ముఖాన్ని. ఆ తరువాత, అన్నిటికన్నా ముఖ్యంగా, దిగి సాక్ష్యం చెప్పాలి. ఒక పూట ఆలస్యమవుతుంది. ఆ ఒక్క పూట వల్ల ఒక పిల్ల చదువు నిలబడవచ్చు, ఒక కండక్టరు మరునాడు ధైర్యంగా డ్యూటీకి రావచ్చు.

అధికారులను కోరవలసినవీ ఉన్నాయి. కళాశాలలు వదిలే వేళకు నంద్యాల నుంచి ఈ దారిలో అదనపు బస్సు ఉంటే, వేధింపునకు ముసుగైన రద్దీ తగ్గుతుంది. ఫిర్యాదు ఇవ్వడానికి ఆగిన సిబ్బందికి ఆ సమయాన్ని విధిగానే లెక్కించాలి. బస్సు నంబరు, వేళ తెలిపితే ఏ డిపోలోనైనా ఫిర్యాదు స్వీకరించాలి. ఆళ్లగడ్డలోనూ నంద్యాలలోనూ డిపోలు ఉన్నాయి. విద్యార్థుల తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి వెళ్లి డిపో మేనేజరుతో మాట్లాడడం కష్టమైన పని కాదు. మేము ఆ ప్రయత్నంలోనే ఉన్నాము. మా వీధి అమ్మాయి తండ్రిని కూడా మాతో రమ్మన్నాము. వస్తానన్నారు. వచ్చే విద్యా సంవత్సరం సంగతి ఇంట్లో మళ్లీ మాట్లాడతానని కూడా అన్నారు.

వాహనం ఎక్కేటప్పుడు చదివే దుఆను పిల్లలకు చిన్ననాటనే నేర్పుతాము. ఇప్పుడు మా ఇంట్లో దానితో పాటు మరో రెండు పనులు కూడా చెబుతున్నాము: ఎక్కగానే బస్సు నంబరు చూసి గుర్తుపెట్టుకోవాలి, దిగేటప్పుడు కండక్టరుకూ డ్రైవరుకూ ఒక మంచి మాట చెప్పి దిగాలి.